కప్పగా మారినా చావని ఎలుగుబంటి

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను మిర్యాలగూడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రతి ఆదివారం మా మేడమీది గదిలో ఐదుగురం కలిసి మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డుల ఆట ఆడుకుంటాం. అందరికన్నా ముందు నేర్చుకున్నది నేనే కాబట్టి ఏ తగాదా వచ్చినా నన్నే అడుగుతారు. మూడు వారాల క్రితం మా బాబాయి కొడుకు తన 2/2 ఎలుగుబంటి కార్డుతో (కొట్టే బలం రెండు, తట్టుకునే బలం రెండు) నా మీద దాడి చేశాడు. నేను నా 3/3 జీవిని అడ్డం పెట్టాను. వాడు ఆ వంతు ముగిసేవరకు రెండు అంకెలకూ మూడేసి కలిపే జైంట్ గ్రోత్ కార్డు వేసి ఎలుగుబంటిని 5/5 చేశాడు. అప్పుడు నేను దాని మీద, జీవిని కప్పగా మార్చే టర్న్ టు ఫ్రాగ్ కార్డు వేసి, "ఇక అది 1/1 కప్ప, చచ్చిపోయింది" అన్నాను. "మరి నేను పెంచిన మూడు ఏమైంది అన్నా?" అని వాడు అడిగాడు. "చివర వేసిన కార్డే చెల్లుతుంది" అని చెప్పి ఆట ముగించాను. అప్పటి నుంచి వాడు ఆడటానికి రావడం లేదు. నేను చెప్పింది తప్పా? ఇంకో రెండు అనుమానాలు కూడా ఉన్నాయి. ఒక జీవి తన శక్తిని వాడిన వెంటనే దాన్ని చంపేస్తే ఆ శక్తి ఆగిపోతుందా? డెత్‌టచ్, ట్రాంపుల్ రెండూ ఉన్న జీవిని అడ్డుకుంటే నాకు తగిలే దెబ్బ ఎంత? ఇలాంటి చిక్కులు విప్పుకోవడానికి పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: బాబూ, చుట్టూ తిప్పకుండా చెబుతాను. నువ్వు చెప్పింది తప్పు. ఆ ఎలుగుబంటి కప్ప అయిన మాట నిజమే, కానీ అది 4/4 కప్ప. నీ జీవి కొట్టిన మూడు దెబ్బలనూ తట్టుకుని నిలబడుతుంది. అది కొట్టే నాలుగు దెబ్బలకు నీ 3/3 జీవే చస్తుంది. అంటే ఫలితం పూర్తిగా తలకిందులైంది. "నేను పెంచిన మూడు ఏమైంది" అని మీ తమ్ముడు అడిగాడే, ఆ రోజు మీ గదిలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

"చివర వేసిన కార్డే చెల్లుతుంది" అన్న మాట నీకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఈ ఆట నేర్చుకునే మొదటి వారంలోనే ఎవరైనా స్టాక్ గురించి చెబుతారు. నేను పిల్లలకు చెప్పేటప్పుడు దాన్ని దొంతి అంటాను. కుండల దొంతి చూడని పిల్లలు కూడా వంటింట్లో గిన్నెల దొంతి చూసే ఉంటారు కదా. వేసిన కార్డు వెంటనే పని చేయదు, దొంతిలో కూర్చుంటుంది. ఎదుటివాళ్లు దానికి బదులుగా ఇంకో కార్డు వేస్తే అది పైన కూర్చుంటుంది. ఇద్దరూ ఇక చాలు అనుకున్నాక పైనున్నది ముందు దిగుతుంది, అడుగున ఉన్నది ఆ తర్వాత. ఇక్కడ వరస అన్నది ప్రాణంతో సమానం. అదెంత ముఖ్యమో మీ తమ్ముడి ఎలుగుబంటితోనే చూపిస్తాను. నీ చేతిలో కప్ప కార్డు బదులు లైట్నింగ్ బోల్ట్ ఉందనుకో. అది మూడు దెబ్బలు కొడుతుంది. నువ్వు ముందు బోల్ట్ వేస్తే, మీ తమ్ముడు దానికి బదులుగా జైంట్ గ్రోత్ వేస్తాడు. పైనున్న గ్రోత్ ముందు దిగి ఎలుగుబంటి 5/5 అవుతుంది. తర్వాత బోల్ట్ దిగి మూడు దెబ్బలు తగులుతాయి, అది చావదు. అదే అతను గ్రోత్ వేసేదాకా నువ్వు ఓపిక పట్టి, దానికి బదులుగా బోల్ట్ వేస్తే? బోల్ట్ ముందు దిగుతుంది. ఎలుగుబంటి ఇంకా 2/2గానే ఉంది, చస్తుంది. గ్రోత్ దిగే వేళకు దానికి లక్ష్యమే ఉండదు, అది వృథా. అవే రెండు కార్డులు, అదే ఎలుగుబంటి. వేసిన వరస ఒక్కటే మారింది.

ఈ ఉదాహరణ చెప్పగానే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎలుగుబంటి 5/5గా ఉండి మూడు దెబ్బలు తిని బతికింది, సరే. ఆ వంతు ముగిసి గ్రోత్ ప్రభావం పోయాక మళ్లీ 2/2 అవుతుంది కదా, అప్పుడు ఆ మూడు దెబ్బలకు చావదా? చావదు. వంతు చివర తగిలిన దెబ్బలు తుడిచిపెట్టడం, "ఈ వంతు ముగిసేవరకు" అన్న ప్రభావాలు తొలగడం రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి. ఒకటి ముందు, ఒకటి వెనక కాదు. నిబంధనల్లో అది 514.2.

దొంతి పాఠం నువ్వు బాగానే నేర్చుకున్నావు. దాన్ని దానికి సంబంధం లేని చోటికి లాక్కెళ్లావు, పొరపాటు అక్కడ జరిగింది. ఏ కార్డు ఎప్పుడు పని చేస్తుంది అన్నది ఒక ప్రశ్న. దానికి దొంతి జవాబు చెబుతుంది. పని చేసిన కార్డులన్నీ ఒకే జీవి మీద ఉన్నప్పుడు దాని లెక్క ఎలా కట్టాలి అన్నది వేరే ప్రశ్న. దానికి పొరలు జవాబు చెబుతాయి. నిబంధనల పుస్తకంలో 613 దగ్గర వాటిని లేయర్లు అంటారు. మొత్తం ఏడు. నకలు చేసే ప్రభావాలు మొదటి పొర. ఆ జీవి ఎవరి చేతి కింద ఉందన్నది రెండు. ఆ తర్వాత కార్డు మీది మాటలు, జాతి, రంగు, శక్తులు. చిట్టచివరి ఏడో పొరలో పవర్, టఫ్‌నెస్, అంటే 2/2 లాంటి ఆ రెండు అంకెలు. ఈ ఏడో పొరలోనూ లోపల మెట్లున్నాయి. "ఇది ఇంత" అని అంకెను స్థిరపరిచే ప్రభావాలు ముందు లెక్కకు వస్తాయి. "దీనికి ఇంత కలుపు, ఇంత తీసెయ్" అనే ప్రభావాలు, +1/+1 కౌంటర్లు (రెండు అంకెలకూ ఒక్కొక్కటి కలపడానికి జీవి మీద పెట్టే గుర్తులు) ఆ తర్వాతి మెట్టు. ఏది ముందు వేశారు, ఏది వెనక వేశారు అన్నదానితో ఈ రెండు మెట్ల వరస మారదు.

టర్న్ టు ఫ్రాగ్ ఇప్పటి అధికారిక పాఠం ఏం చెబుతోంది? వంతు ముగిసేవరకు ఆ జీవి తన శక్తులన్నీ కోల్పోయి, మూల పవర్, మూల టఫ్‌నెస్ 1/1గా ఉన్న నీలి కప్ప అవుతుంది అని. "మూల" అన్న ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చదువు. మీ ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఎవరైనా ఉంటే అడుగు, మూలవేతనం అంటే ఏమిటో చెబుతారు. మూలవేతనం మారినంత మాత్రాన దాని మీద వచ్చే భత్యం రద్దు కాదు. నీ కార్డు ఎలుగుబంటి మూలాన్ని 2/2 నుంచి 1/1కి దించింది, అంతే. మీ తమ్ముడి జైంట్ గ్రోత్ ఇచ్చిన +3/+3 ఎక్కడికీ పోలేదు. ఒకటి, మూడు, నాలుగు. నువ్వు గ్రోత్‌కు బదులుగా ముందే కప్పను దించినా లెక్క మారదు, అప్పుడూ 4/4నే. గ్రోత్ లేకుండా ఎలుగుబంటి మీద ముందే ఒక +1/+1 కౌంటర్ మాత్రమే ఉండి ఉంటే, నీ కప్ప కార్డు పడ్డాక 2/2గా ఉంటుంది.

ఇక్కడ నీ పక్షాన ఒక మాట చెప్పాలి. మన చిన్న ఊళ్లలో ఆడే పిల్లల దగ్గర ఉన్నవి చాలావరకు చేతులు మారి వచ్చిన పాత కార్డులు. టర్న్ టు ఫ్రాగ్ పాత ముద్రణలో "మూల" అన్న మాట లేదు. "1/1 నీలి కప్ప అవుతుంది" అని మాత్రమే ఉంటుంది. అది చదివితే ఎవరైనా నీలాగే అనుకుంటారు. అందుకే కార్డు మీద అచ్చయిన మాట కన్నా దాని ఇప్పటి అధికారిక పాఠమే చెల్లుతుందని నిబంధన పెట్టారు. ఆ పాఠాన్ని ఒరాకిల్ అంటారు. ఆట తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థవారి గ్యాదరర్ అనే జాబితాలో కార్డు పేరు కొడితే ఉచితంగా కనిపిస్తుంది. తగాదా వచ్చినప్పుడు ముందు ఫోను తీసి ఆ పాఠం చూడండి. అక్కడితో సగం తగాదాలు తీరిపోవడం నేను కళ్లారా చూశాను.

అయితే పొరల దగ్గర వరసకు అసలు విలువే లేదని అనుకోకు. ఒకే పొరలో రెండు ప్రభావాలు ఢీకొంటే మామూలుగా వెనక వచ్చినదే నిలుస్తుంది. జంప్ అనే కార్డు వంతు ముగిసేవరకు జీవికి ఎగిరే శక్తినిస్తుంది. ముందు జంప్ వేసి తర్వాత కప్పను చేస్తే ఎగిరే శక్తి పోతుంది. ముందు కప్పను చేసి తర్వాత జంప్ వేస్తే అది ఎగిరే కప్ప. రెండూ శక్తుల పొరలోనివే కాబట్టి ఇక్కడ "చివర వేసినదే చెల్లుతుంది" అన్న నీ మాట అక్షరాలా నిజం. నీ సూత్రం తప్పుడు సూత్రం కాదు బాబూ, దాని పరిధి చిన్నది.

నేను జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పేదాన్ని. ఈ ఆట మా అబ్బాయి ద్వారా ఇంట్లోకి వచ్చింది. మొదటిసారి నిబంధనలు చదివినప్పుడు నాకు సంధి పాఠం చదువుతున్నట్టే అనిపించింది. ఉకార సంధి నిత్యం. "రాముడు", "అతడు" కలిస్తే "రాముడతడు" కావలసిందే, అది నీ ఇష్టం కాదు. "ఏమి", "అంటివి" దగ్గర వైకల్పికం. "ఏమంటివి" అన్నా సరే, "ఏమియంటివి" అన్నా సరే. "వచ్చి", "ఇచ్చెను" దగ్గర సంధి నిషేధం, "వచ్చియిచ్చెను" అనే అనాలి. కార్డుల మీది మాటలూ ఈ మూడు రకాలే. కొన్ని చేసి తీరాలి. కొన్ని కావాలంటే చేయవచ్చు. కొన్ని చేయకూడదు. కార్డు చేతిలోకి తీసుకోగానే దానిలోని క్రియ ఈ మూడింటిలో ఏ రకానిదో గుర్తు పట్టు. "చేయవచ్చు" అన్న మాట లేకపోతే నీకు నష్టమైనా సరే ఆ పని జరగాల్సిందే. చాలామంది పిల్లలు తమ కార్డు తమకే నష్టం చేస్తుందనుకుంటే ఆ పని చేయకుండా దాటేయబోతారు. అది కుదరదు.

మొత్తం నిబంధనలకు తలమానికమైన సూత్రాలు 101వ నిబంధనలో ఉన్నాయి, వాటిలో రెండు చెబుతాను. కార్డు మీది మాట నిబంధనల పుస్తకాన్ని కాదంటే కార్డు మాటే గెలుస్తుంది. వ్యాకరణంలో సామాన్య విధిని అపవాదం పక్కకు నెట్టినట్టే. రెండోది, ఒక కార్డు "చేయవచ్చు" అని, ఇంకొకటి "చేయకూడదు" అని చెబితే "చేయకూడదు" అన్నదే గెలుస్తుంది. ఈ వంతులో ఇంకో ల్యాండ్ (భూమి కార్డు) కూడా దించవచ్చని ఒక కార్డు అంటుంది, ఈ వంతులో ల్యాండ్ దించకూడదని ఇంకొకటి అంటుంది. దించడానికి లేదు. ఎవరు ముందు వేశారో అడగాల్సిన అవసరమే లేదు.

మీ మూడో ప్రశ్నకు జవాబు చిన్నది. ట్రాంపుల్ ఉన్న జీవి అడ్డం వచ్చిన జీవికి చావుదెబ్బ పంచి, మిగిలినది ఆటగాడి మీద వేయవచ్చు. డెత్‌టచ్ ఉన్న జీవి కొట్టేది ఒక్క దెబ్బే అయినా అది చావుదెబ్బగానే లెక్క. కాబట్టి ఆ రెండూ ఉన్న 6/6 జీవిని నీ 5/5 జీవితో అడ్డుకుంటే దానికి ఒకటి, నీకు ఐదు. అన్యాయంగా అనిపిస్తుంది కానీ 702.2, 702.19 రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఇంకో అర్థం రాదు.

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అది నేను తప్పు చేసిన చోటు. కొన్నేళ్ల క్రితం వేసవి సెలవుల్లో, నల్లగొండలో మా ఇంటి వరండాలో నలుగురైదుగురు పిల్లలు ఆడుతున్నారు. అందులో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది. తన దగ్గర ప్రాడిగల్ సోర్సరర్ ఉంది. ఆ కార్డును పక్కకు తిప్పితే ఎవరికైనా ఒక దెబ్బ తగిలించవచ్చు. నాకు మిగిలింది ఒకే ప్రాణం. ఆ అమ్మాయి కార్డు తిప్పింది. నేను దానికి బదులుగా లైట్నింగ్ బోల్ట్ వేసి ఆ మాంత్రికుడిని చంపేశాను. "కొట్టేవాడే లేనప్పుడు దెబ్బ ఎక్కడిది?" అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. కార్డులు సర్దుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చింది. గీతల నోటుపుస్తకంలోంచి చింపిన అర ఠావు కాగితం నా చేతిలో పెట్టింది. గుండ్రటి అక్షరాలతో ఒక నిబంధన రాసి ఉంది, పక్కన 113.7a అన్న సంఖ్య, కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. శక్తిని ఒకసారి వాడాక అది దొంతిలో స్వతంత్రంగా ఉంటుంది, దాన్ని వాడిన జీవి పోయినా అది ఆగదు అని దాని సారం. విల్లు విరిగినా వదిలిన బాణం ఆగదు కదా. ముందురోజు గెలిచింది ఆ అమ్మాయే.

నియమం తెలియకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ పిల్ల మౌనం. నేను టీచర్ని కాబట్టి తను నోరు మెదపలేదు. పైగా ఆ తీర్పు చెప్పింది ఎవరు? ఓడిపోబోతున్న నేనే. పొలం గెట్టు తగాదా వస్తే ఆ గెట్టు ఎవరిదో ఆ మనిషి పెద్దమనుషుల్లో కూర్చోడు. మన ఊళ్లలో చదువు లేనివాళ్లకు కూడా తెలిసిన ఈ మర్యాద నాకు ఆ వరండాలో గుర్తుకు రాలేదు. నీకు నీ మేడమీది గదిలో గుర్తుకు రాలేదు. మీ తమ్ముడు రాకపోవడానికి కారణం కప్ప కాదని నా నమ్మకం. ఎదురుగా కూర్చుని ఆడుతున్నవాడివే తీర్పు కూడా చెప్పావు, అతని ప్రశ్నకు కార్డు చూపించి జవాబు చెప్పలేదు, పెద్దవాడినన్న బరువు చూపించావు. పోటీల్లో దీనికి కట్టుదిట్టమైన ఏర్పాటు ఉంది. అనుమానం వస్తే ఆటగాడు చెయ్యెత్తి ఆట ఆపుతాడు, జడ్జి వచ్చి ఇద్దరి మాటా వింటాడు. ఆ తీర్పు నచ్చకపోతే ప్రధాన జడ్జికి చెప్పుకోవచ్చు. వయసును, అనుభవాన్ని ఎవరూ అడగరు.

మీరు ఐదుగురు. ఇద్దరిద్దరుగా ఆడితే ఒకరు ఎప్పుడూ ఖాళీగా ఉంటారు. తీర్పు ఆ ఐదో మనిషిది. ఆ మనిషి అందరిలోకీ చిన్నవాడైనా సరే, నిన్న మొన్న నేర్చుకున్నవాడైనా సరే. అతను ఏం చేయాలంటే, ముందు రెండు కార్డుల ఒరాకిల్ పాఠం పైకి, అందరికీ వినబడేలా చదవాలి. చాలాసార్లు చదువుతుండగానే ఇద్దరిలో ఒకరు "ఓ, అదా" అంటారు. అప్పటికీ తేలకపోతే ఇది దొంతి ప్రశ్నా, పొరల ప్రశ్నా అని అడగాలి. "లక్ష్యం" అన్న మాట కార్డులో ఉందా లేదా చూడాలి. హెక్స్‌ప్రూఫ్ అనే రక్షణ ఉన్న ఎదుటివాడి జీవిని నువ్వు లక్ష్యంగా ఎంచుకోలేవు కానీ, అన్ని జీవులనూ ఒకేసారి నాశనం చేసే కార్డు ఎవరినీ లక్ష్యంగా ఎంచుకోదు కాబట్టి అది కూడా పోతుంది. ఐదు నిమిషాల్లో తేలకపోతే నాణెం ఎగరేసి ఆట సాగించండి, ఆ ప్రశ్నను ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. నిబంధనల పుస్తకం రెండు వందల పేజీలు దాటుతుంది. దాన్నంతా ఎవరూ కంఠస్థం చేయరు, చేయాల్సిన పనీ లేదు. ఫోనులో దించుకుని సంఖ్యతో వెతకండి. వచ్చే ఆదివారానికి జవాబు దొరికాక ఆ ప్రశ్న పక్కనే సంఖ్యతో సహా రాయండి. మా ఇంట్లో అలాంటి పుస్తకం ఒకటుంది. దాని మొదటి పేజీలో ఆ అర ఠావు కాగితం అతికించి ఉంది.

పచ్చీసులోనో అష్టా చెమ్మాలోనో ఊరికో పద్ధతి ఉంటుంది, ఎవరింట్లో ఆడితే వాళ్ల పద్ధతి. అక్కడ అది తప్పు కాదు, ఆ ఆటలు నోటిమాటగా వచ్చాయి. 1993లో గణితవేత్త రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట అలాంటిది కాదు. ఇక్కడ ఎవరి కార్డుకైనా విలువ దాని మీది మాటల వల్లే వచ్చింది. మీ తమ్ముడు జైంట్ గ్రోత్ వేసినప్పుడు, దాని మీది మాటను మీరందరూ గౌరవిస్తారనే నమ్మకంతో వేశాడు.

ఈ ఆదివారం దాకా ఆగకు. ఈ రోజే మీ బాబాయి వాళ్లింటికి వెళ్లు. ఫోనులో చెప్పవద్దు. వెళ్లేటప్పుడు నీ టర్న్ టు ఫ్రాగ్ కార్డు, అడ్డం పెట్టిన ఆ 3/3 జీవి కార్డు తీసుకెళ్లు. అతని ఎలుగుబంటిని, జైంట్ గ్రోత్‌ను బయటికి తీయమను. నాలుగూ నేల మీద పరిచి, "నువ్వు అడిగిన మూడు ఇక్కడుంది" అని 613 చదివి వినిపించు. తప్పు నాది అని ఒక్కసారి చెబితే చాలు, పదిసార్లు చెప్పి అతన్ని ఇబ్బంది పెట్టకు. అతను ఒప్పుకుంటే ఆ ఆట ఆగిన చోటి నుంచే మళ్లీ ఆడండి. నీ 3/3 జీవి గ్రేవ్‌యార్డులో, అంటే చచ్చిన కార్డుల కుప్పలో ఉంటుంది. ఆ వంతు ముగిశాక దెబ్బలన్నీ తుడుచుకుపోయి, కప్ప రూపం వదిలి, ఎలుగుబంటి 2/2గా అతని వైపు కూర్చుని ఉంటుంది. ఇప్పుడు వంతు నీది.